సంప్రదాయ ఉదారవాదం, ఆధునిక ఉదారవాదం: హనుమకొండ క్లాసులో తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు, గ్రూప్స్‌కు చదివేవాళ్లకు రాజనీతిశాస్త్రం చెప్పడం నా పని. ఏటా ఈ పాఠం దగ్గరికొచ్చేసరికి పిల్లలకు టెన్షన్ మొదలవుతుంది. గైడులో రెండు వరుసలుంటాయి, ఎడమ పక్క పాతది, కుడి పక్క కొత్తది. బట్టీ పట్టి రాసేస్తారు. నెల తర్వాత అడిగితే ఏది ఎటు పక్కదో గుర్తుండదు. అందుకే క్లాసులో, వరండాలో, ఫోన్లో ఎక్కువసార్లు నన్ను అడిగిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. కొన్నిటికి జవాబు చిన్నది. కొన్నిటికి మన ఊళ్లలోకి వెళ్లి రావాల్సి వస్తుంది.

ఉదారవాదం అంటే ఉదారంగా ఇచ్చే గుణమా సార్?

కాదు. మన అనువాదం వల్ల వచ్చిన చిక్కు ఇది. తెలుగులో ఉదారుడంటే చెయ్యి విప్పి ఇచ్చేవాడు. అందుకని ప్రభుత్వం పింఛన్లు ఇస్తే, చీరలు పంచితే అదే ఉదారవాదం అనుకుంటారు. లిబరల్ అన్న మాటకు మూలం లాటిన్‌లోని 'లీబర్'. బానిస కానివాడు, తనకు తాను యజమాని అయినవాడు అని దాని అర్థం. కాబట్టి ఇక్కడ అసలు సరుకు స్వేచ్ఛ. దానగుణం కాదు. స్వేచ్ఛావాదం అని అనువదించినవాళ్లూ ఉన్నారు కానీ, ఆ మాటను లిబర్టేరియన్లకు, అంటే ప్రభుత్వం వీలైనంత తక్కువగా ఉండాలనేవాళ్లకు కూడా వాడుతున్నారు కాబట్టి ఇంకో గందరగోళం. పాఠ్యపుస్తకాల్లో ఉదారవాదమే స్థిరపడింది, మనమూ అదే వాడదాం.

'సంప్రదాయ' అంటే ఆచారాలు పాటించే రకమా?

కానే కాదు. తర్వాత వచ్చినదాని నుంచి వేరు చేయడానికి మొదటిదానికి తగిలించిన పేరు అది. తన కాలంలో ఆ ఆలోచన రాజులకు, మతపెద్దలకు, గుత్తవ్యాపారులకు కంట్లో నలుసు.

రెండిటికీ తేడా రెండు ముక్కల్లో చెప్పండి సార్, పరీక్ష రేపే.

నర్సంపేట వైపు ఒక తండాలో పదో తరగతి పాసైన అమ్మాయి ఉందనుకోండి. కాలేజీకి పోవద్దని ఏ చట్టమూ చెప్పలేదు. పోలీసు ఆపలేదు. కానీ తండాకు చివరి బస్సు సాయంత్రం ఐదింటికే. హాస్టల్‌లో సీటు లేదు, ఫీజుకు ఇంట్లో డబ్బు లేదు. ఆ అమ్మాయికి చదువుకునే స్వేచ్ఛ ఉన్నట్టా, లేనట్టా?

ఎవరూ అడ్డుపడటం లేదు కాబట్టి ఉన్నట్టే, మిగతా కష్టాలు ఎంత నిజమైనా వాటి పేరు పేదరికమే తప్ప స్వేచ్ఛ లేకపోవడం కాదు అంటే, మీరు సంప్రదాయ ఉదారవాది. బస్సూ ఫీజూ లేకుండా ఆ స్వేచ్ఛ కాగితం మీద రాత మాత్రమే, దాన్ని నిజం చేయాల్సిన బాధ్యత ప్రభుత్వానికి ఉంది అంటే ఆధునిక ఉదారవాది. 1958లో ఐజయా బెర్లిన్ అనే తత్వవేత్త ఒక ప్రసంగంలో ఈ రెండిటినీ నకారాత్మక స్వేచ్ఛ, సకారాత్మక స్వేచ్ఛ అని విడదీశాడు. సకారాత్మక స్వేచ్ఛ పేరు చెప్పి ప్రభుత్వాలు జనం నెత్తినెక్కే ప్రమాదం ఉందని హెచ్చరించింది కూడా ఆయనే.

ఇక ఆ అమ్మాయికి నచ్చిన మతం, నచ్చిన మాట, నచ్చిన పెళ్లి, చట్టం ముందు సమానత్వం ఉండాలన్న దగ్గర ఇద్దరిలో ఎవరికీ అభ్యంతరం లేదు. ఈ మాట జవాబులో తప్పకుండా రాయండి. ఎక్కువమంది వదిలేసేది ఇదే.

మొదటి ఉదారవాదులు ఎవరి మీద తిరగబడ్డారు?

ప్రభుత్వం మీద. ఆ రోజుల్లో ప్రభుత్వమంటే రాజు. 1689లో ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్ తన వాదన అచ్చు వేయించాడు. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి మనిషికి రాజు పెట్టిన భిక్ష కాదని, వాటిని కాపాడటానికే ప్రభుత్వాన్ని పెట్టుకున్నామని, కాపాడనినాడు దాన్ని దించేయొచ్చని అన్నాడు. 1776లో ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్, ప్రభుత్వం కొందరు వ్యాపారులకు గుత్తహక్కులు రాసిచ్చి దేశాన్ని పేదరికంలో ఉంచుతోందని చూపించాడు. బయటి ధాన్యం మీద సుంకం వేసి భూస్వాములకు లాభం చేకూర్చిన ధాన్య చట్టాలను 1846లో బ్రిటన్ రద్దు చేసింది. దాని కోసం పోరాడినవాళ్లు ఈ తరహా ఉదారవాదులే. రొట్టె ధర తగ్గాలని వాళ్లు అడిగారు. ఈ సంగతి మన గైడుల్లో కనిపించదు.

ఆ పోరాటం మనకు అర్థం కావాలంటే లండన్ దాకా పోనక్కర్లేదు. నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది. ఆ రోజుల్లో నలుగురు కూర్చుని తెలుగు పత్రిక చదువుకోవడానికి ఒక గది కావాలన్నా ధైర్యం కావాలి. హనుమకొండలో 1904లోనే శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పుట్టింది. ఆ గ్రంథాలయాలు పెట్టినవాళ్లు లాక్‌ను చదివారో లేదో గానీ, నా మాట నన్ను మాట్లాడనియ్యి, నా పుస్తకం నన్ను చదవనియ్యి అని వాళ్లు చేసిన డిమాండే సంప్రదాయ ఉదారవాదానికి గుండెకాయ.

లాక్ ఆస్తి సిద్ధాంతం భూస్వాముల కోసమే రాసింది కదా?

ఈ ప్రశ్నకు నేను ప్రతిసారీ పాలకుర్తి తీసుకెళ్తాను. లాక్ ఏమన్నాడు? ఎవరిదీ కాని నేలలో మనిషి తన శ్రమను కలిపితే అది అతనిది అవుతుంది, అయితే ఇతరులకూ అంత మంచిది, అంత చాలినంత మిగలాలి. ఇప్పుడు చాకలి ఐలమ్మను తలచుకోండి. కౌలుకు తీసుకున్న భూమిలో ఆమె కుటుంబం పంట పండించింది. విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు ఆ పంటను ఎత్తుకుపోవడానికి వచ్చారు. ఆమె ఇవ్వలేదు. ఆ ధాన్యంలో చెమట ఎవరిది? లాక్ రాసిన సూత్రం ప్రకారమే తీర్పు చెప్పమన్నా అది ఐలమ్మ పక్షానే వస్తుంది. దేశ్‌ముఖ్‌ల పెత్తనం దున్ని సంపాదించింది కాదు, సర్కారుకు శిస్తు వసూలు చేసి పెట్టే హోదా మీద పెరిగింది. ఇక వెట్టి గురించి వేరే చెప్పక్కర్లేదు. ఒప్పందం లేకుండా, కూలి లేకుండా మనిషి శ్రమను గుంజుకోవడం ఏ రకం ఉదారవాదంలోనూ చెల్లదు.

కానీ లాక్‌ను పూర్తిగా మన పక్షానికి లాక్కోవడం కూడా నిజాయితీ కాదు. అదే అధ్యాయంలో 'నా పనివాడు కోసిన గడ్డి కూడా నాదే' అనే అర్థంలో ఒక మాట ఉంది. పనివాడి శ్రమకు యజమాని సొంతదారు ఎలా అయ్యాడన్న ప్రశ్నకు అక్కడ జవాబు లేదు. పైగా బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో లాక్‌కు వాటాలుండేవి. సిద్ధాంతంలో అందరికీ పుట్టుకతో హక్కులు, ఆచరణలో కొందరికి సంకెళ్లు. ఈ పగులు నుంచే తర్వాతి తరం ఉదారవాదం మొలిచిందని నేననుకుంటాను.

మరి ఆలోచన ఎందుకు మారింది?

ఫ్యాక్టరీలు వచ్చాయి. రాజు చెయ్యి కట్టేశాక కూడా మనిషి మీద మరో చెయ్యి ఉందని తెలిసింది. పద్నాలుగు గంటలు పని చేస్తానని కార్మికుడు 'ఒప్పుకుని' చేరాడు కాబట్టి అందులో ప్రభుత్వానికి ఏం పని అన్నది పాత వాదన. 1905లో అమెరికా సుప్రీంకోర్టు లోక్నర్ కేసులో ఇదే చెప్పింది. బేకరీ కార్మికులకు రోజుకు 10 గంటలు, వారానికి 60 గంటలు మించకూడదన్న న్యూయార్క్ చట్టాన్ని, అది ఒప్పంద స్వేచ్ఛకు అడ్డమని కొట్టేసింది.

దీనికి జవాబు అంతకు ముందే, 1881లో ఇంగ్లండ్ తత్వవేత్త టి.హెచ్. గ్రీన్ ఇచ్చాడు. ఒప్పందం అన్నంత మాత్రాన అది స్వేచ్ఛ కాదు, దానికి నో చెప్పగల స్థితిలో మనిషి ఉన్నాడా అన్నది చూడాలి అని ఆయన వాదన సారం. ఐర్లండ్ కౌలుదార్ల పరిస్థితి అప్పుడు ఆయన కళ్లముందు ఉంది.

ఈ వాదన నాకు పుస్తకంలో అర్థం కాలేదు, ఏనుమాముల మార్కెట్‌లో అర్థమైంది. ఇంటర్ చదువుతున్నప్పుడు బాపు వెంట మిర్చి బస్తాలతో వెళ్లాను. ధర తేల్చే వేలం, జెండా పాట అయింది, ఆ రోజు ధర అందరం విన్నాం. మా అడ్తిదారు (కమీషన్ వ్యాపారి) బస్తా మూతి విప్పి, దోసెడు కాయలు తీసి, నాలుగు కాయలు విరిచి, 'తాలు ఉంది' అని ధర దించాడు. కాంటా మీద పెట్టాక బస్తాకు ఇంతని తరుగు తీశారు. చివరికి చేతికొచ్చిన తక్‌పట్టీలో, అంటే లెక్క చీటీలో, వరుసగా అడ్తి, హమాలీ, దడ్వాయి (తూకం కూలి), వానాకాలంలో తీసుకున్న అప్పు, దాని మీద మిత్తి. అడుగున మిగిలిన అంకెను బాపు రెండుసార్లు వేలితో తడిమి చూశాడు.

నాకు ఉడుకుమోత్తనం వచ్చింది. 'పక్క దుకాణానికి పోదాం, ఎక్కువిస్తరు' అన్నాను.

'పోవద్దని ఎవ్వడన్నడురా? మల్ల జూన్‌ల గింజలకు పైసలు ఎవడిస్తడు?' అన్నాడు బాపు, సంతకం పెడుతూ.

బాపును ఎవరూ బలవంతం చేయలేదు. చట్టం ప్రకారం ఆయన ఎవరికైనా అమ్ముకోవచ్చు. కానీ విత్తనానికి ముందే అప్పిచ్చినవాడి దగ్గరే అమ్మాలి. మంచికో చెడ్డకో ఆ అడ్తిదారు కూడా చెడ్డ మనిషేం కాదు, మా అక్క పెళ్లికి అప్పిచ్చిందీ ఆయనే. తప్పు మనిషిలో వెతకడం కన్నా, ఆ సంతకం పెట్టేవాడికి ఇంకో దారి ఉందా లేదా అని చూడమంటాడు గ్రీన్. బ్యాంకు పంటరుణం సకాలంలో అంది ఉంటే బాపు ఆ రోజు పక్క దుకాణానికి నడిచేవాడు. ప్రభుత్వం చేసిన పని వల్ల ఒక మనిషి స్వేచ్ఛ తగ్గకుండా పెరగడం అంటే ఇదే.

అంటే సంప్రదాయ ఉదారవాదులు పేదలకు వ్యతిరేకులా?

అలా రాస్తే నేను మార్కులు వెయ్యను. స్మిత్‌నే తీసుకోండి. కూలి పెరగకుండా యజమానులు లోలోపల ఎప్పుడూ కూడబలుక్కునే ఉంటారని రాసింది ఆయనే. మామూలు జనం పిల్లల చదువుకు ప్రభుత్వం ఖర్చు పెట్టాలన్నాడు. ఇరవయ్యో శతాబ్దంలో పాత ఉదారవాదాన్ని మళ్లీ నిలబెట్టిన ఆర్థికవేత్త హాయక్ కూడా ఎవరూ ఆకలితో పడిపోకుండా ఒక కనీస ఆదాయం ఉండటాన్ని ఒప్పుకున్నాడు. ఆ బాటలోనే నడిచిన అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లోనే, ఒక స్థాయికన్నా తక్కువ సంపాదించేవాళ్లకు ప్రభుత్వమే ఎదురు డబ్బు ఇచ్చే పన్ను పద్ధతిని ప్రతిపాదించాడు.

వాళ్ల భయం వేరు. పేదవాడికి సాయం చేస్తామని వచ్చే ఆఫీసు, రేపు పేదవాడి మీదే పెత్తనం చేస్తుందని. ఒక్క సర్టిఫికెట్ కోసం మీ ఇంట్లోవాళ్లు ఎన్నిసార్లు తిరిగారో, పాస్‌బుక్‌లో ఒక్క అక్షరం తప్పు పడితే దిద్దించుకోవడానికి ఎన్ని నెలలు పట్టిందో గుర్తు తెచ్చుకోండి. ఆ భయాన్ని కొట్టిపారేయలేరు.

ఆధునిక ఉదారవాదం అంటే సోషలిజానికి ఇంకో పేరే కదా?

కాదు. సొంత ఆస్తి, మార్కెట్, ఎన్నికలు అన్నీ ఉంటాయి. వాటి పక్కన కనీస భద్రత ఒకటి నిలబెడతారు. బ్రిటన్‌లో వృద్ధాప్య పింఛన్ 1908లో, ఆరోగ్య, నిరుద్యోగ బీమా 1911లో తెచ్చింది లిబరల్ పార్టీ ప్రభుత్వమే. కొరత, రోగం, అజ్ఞానం, మురికి, నిరుద్యోగం అనే ఐదు రాక్షసుల మీద 1942లో నివేదిక ఇచ్చిన బెవరిడ్జ్ లిబరల్. మాంద్యంలో ప్రభుత్వం ఖర్చు పెట్టాలన్న కీన్స్ కూడా లిబరలే. పెట్టుబడిదారీ వ్యవస్థను కూల్చాలని కాదు, కూలిపోకుండా నిలపాలని ఆయన తాపత్రయం.

అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో ఇచ్చిన వాదన పిల్లలకు బాగా పడుతుంది. పుట్టబోయే ముందు ఊరి కట్టుబాట్లు మీరే రాయాలి. అయితే దొర ఉండే గడిలో పుడతారో, గడి ముందు చెప్పులు విడిచి నడిచే ఇంట్లో పుడతారో మీకు తెలియదు. ఆడపిల్లో మగపిల్లాడో తెలియదు. అప్పుడు ఎలాంటి కట్టుబాట్లు రాస్తారు? మొదట అందరికీ సమానమైన స్వేచ్ఛలు అంటారు. తర్వాత, తేడాలు ఉంటే అట్టడుగున ఉన్నవాడికి మేలు చేసేవిగానే ఉండాలంటారు. రాల్స్ వరుస కూడా అదే: స్వేచ్ఛ ముందు, పంపకం తర్వాత. సోషలిస్టులు ఈ వరుసను ఒప్పుకోరు.

మన ప్రాంతంలో పౌరహక్కుల ఉద్యమం ఏ కోవలోకి వస్తుంది? వాళ్లంతా వామపక్షమే కదా?

చాలామంది వామపక్షం నుంచి వచ్చినవాళ్లే. కానీ వాళ్లు పట్టుకున్న సూత్రం ఉదారవాదంలో అన్నిటికన్నా పాతది. విచారణ లేకుండా ఎవరి ప్రాణమూ తీయకూడదు, నేరం చేశాడని ఆరోపణ ఉన్నవాడికీ చట్టం వర్తించాలి. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన బాలగోపాల్ గారు ఎన్‌కౌంటర్ల మీద అడిగిన ప్రశ్న ఇదే. పిల్లల వైద్యుడు, పౌరహక్కుల నాయకుడు డాక్టర్ రామనాథం గారు 1985 సెప్టెంబర్ 3న ఇదే వరంగల్‌లో హత్యకు గురయ్యారు. తర్వాతి కాలంలో బాలగోపాల్ గారు సాయుధ ఉద్యమాలు చేసే హింసను కూడా ప్రశ్నించారు, 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పాటులో ముందున్నారు.

మా తరం ఇక్కడ ఒకవైపు నక్సలైట్ దళాల భయం, ఇంకోవైపు పోలీసుల భయం చూసి పెరిగింది. రాత్రి తలుపు తట్టిన చప్పుడైతే ఎవరని అడగడానికి కూడా గొంతు పెగలని ఊళ్లు ఉండేవి. ప్రభుత్వాన్ని చట్టంతో కట్టేయాలన్న పాత ఉదారవాదం ధనికుల ముచ్చట అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను. అది అన్నిటికన్నా ఎక్కువ అవసరమయ్యేది, లాయర్ దొరకని మనిషికే.

ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ స్వేచ్ఛ గురించి అంత రాశాడు కదా, ఈస్టిండియా కంపెనీలో పనిచేశాడట నిజమేనా?

నిజమే. 1823 నుంచి 1858 దాకా కంపెనీ ఉద్యోగి. ఆ మరుసటి ఏడే, 1859లో, ఇతరులకు హాని కలిగించనంత వరకు మనిషి మీద ఎవరి బలవంతమూ చెల్లదన్న తన ప్రసిద్ధ సూత్రాన్ని ప్రచురించాడు. 'వెనకబడిన' జాతులకు ఇది వర్తించదని అదే పుస్తకంలో మినహాయింపు పెట్టాడు. ఆ మినహాయింపులో మనమే ఉన్నాం. ఆడవాళ్ల ఓటుహక్కు కోసం 1867లో పార్లమెంటులో సవరణ పెట్టింది కూడా ఈ మిల్లే. రెండూ రాయండి, ఒకటి దాచి ఒకటి రాయకండి. రెండు ఉదారవాదాలకూ మధ్య వంతెన ఎవరంటే నేను ఆయన పేరే చెబుతాను.

డల్లాస్‌లో ఉన్న మా అన్న లిబరల్ అంటే వేరేలా చెబుతాడు. ఎందుకు?

అమెరికాలో 1930ల్లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, మాంద్యంలో ప్రభుత్వమే ముందుకొచ్చి ఆదుకునే తన న్యూ డీల్ విధానాలకు లిబరల్ అన్న పేరు పెట్టుకున్నాడు. అప్పటినుంచి అక్కడ లిబరల్ అంటే ఆధునిక ఉదారవాది మాత్రమే. పాత ఉదారవాదులకు పేరు పోయి, కొందరు లిబర్టేరియన్లమని చెప్పుకోవాల్సి వచ్చింది. యూరప్‌లో చాలాచోట్ల లిబరల్ పార్టీ అంటే ఇప్పటికీ మార్కెట్ పక్షం. ఆస్ట్రేలియాలో లిబరల్ పార్టీయే కుడివైపు పార్టీ. మన టీవీ చర్చల్లో అది తిట్టు. మీ అన్న అన్నది తప్పు కాదు, ఏ దేశం నుంచి మాట్లాడుతున్నాడో చూసుకోండి.

భారతదేశంలో ఈ రెండు ధోరణులు ఎక్కడ కనిపిస్తాయి?

1892లో లిబరల్ పార్టీ తరఫున బ్రిటిష్ పార్లమెంటుకు గెలిచిన దాదాభాయ్ నౌరోజీతో మొదలుపెడతారు. రనడే అప్పుడే, ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చోవాలన్న ఇంగ్లండ్ అర్థశాస్త్రం భారతదేశానికి సరిపడదన్నాడు. గోఖలే 1911లో నిర్బంధ ప్రాథమిక విద్య బిల్లు పెట్టాడు. అంటే మనకు ఆధునిక ఉదారవాదం దిగుమతి సరుకేమీ కాదు.

సంప్రదాయ ధోరణి గట్టిగా పార్టీ రూపం తీసుకున్నది 1959లో, స్వతంత్ర పార్టీతో. కాంగ్రెస్ నాగపూర్‌లో సహకార సేద్యం తీర్మానం చేస్తే, రైతు భూమి పోతుందని రాజాజీ, మన తెలుగు రైతు నాయకుడు ఎన్.జి. రంగా కదిలారు. ప్రతి వ్యాపారానికీ సర్కారు అనుమతి కావాలనే పాలనకు పర్మిట్ లైసెన్స్ రాజ్యం అన్న మాటను జనంలోకి తెచ్చింది రాజాజీయే. 1967లో ఆ పార్టీకి లోక్‌సభలో 44 సీట్లు వచ్చాయి.

అంబేడ్కర్‌ను మాత్రం రెండు వరుసల్లో ఎందులోనూ ఇమడ్చలేం. ప్రభుత్వ నియంత్రణ లేని స్వేచ్ఛ అంటే భూస్వామికి కౌలు పెంచే స్వేచ్ఛ, యజమానికి పని గంటలు పెంచే స్వేచ్ఛ అని 1947లో రాశాడు. ప్రాథమిక హక్కులను కోర్టు ద్వారా సాధించుకునే దారినీ అంతే గట్టిగా నిలబెట్టాడు.

రైతుబంధు ఏ ఉదారవాదం సార్?

ఎక్కువ వాదోపవాదాలు జరిగే ప్రశ్న ఇదే. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర మొదలైంది, మొదట ఎకరానికి సీజన్‌కు 4,000, తర్వాత 5,000 రూపాయలు. డబ్బును ప్రభుత్వం పన్నుల్లోంచి ఇచ్చింది, పంట పెట్టుబడికి రైతు చెయ్యి చాపకుండా చూసింది. మా బాపు తక్‌పట్టీ గుర్తుందా, ఆ అప్పు వరుస మీద కొట్టిన దెబ్బ ఇది. ఆ లెక్కన ఆధునికం.

కానీ ఇచ్చిన పద్ధతి చూడండి. ఈ విత్తనమే కొను, ఆ దుకాణంలోనే కొను అన్న షరతు లేదు. డబ్బు నీది, ఏం చేయాలో నీకు తెలుసు. ఫ్రీడ్‌మన్‌కు నచ్చే పద్ధతి అది. 2021లో హుజూరాబాద్‌నే ప్రయోగాత్మకంగా ఎంచుకున్న దళితబంధులో కుటుంబానికి 10 లక్షలు, ఏ ఉపాధి పెట్టుకోవాలన్న ఎంపిక లబ్ధిదారుకే వదలాలన్నదీ అదే తీరు.

రాల్స్ అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. ఎకరాల లెక్కన ఇస్తే ఎక్కువ భూమి ఉన్నవాడికి ఎక్కువ డబ్బు. పట్టా లేని కౌలు రైతుకు రూపాయి రాలేదు. ఐలమ్మ ఈ రోజు బతికుంటే, ఆమె కౌలు రైతు. ఆమె దున్నే భూమి డబ్బు ఎవరి ఖాతాలో పడేదో చెప్పండి అని నేను క్లాసులో అడుగుతాను. కాసేపు ఎవరూ మాట్లాడరు.

పి.వి. నరసింహారావు గారిని ఏ పక్క రాయాలి?

రెండు పక్కలా. లక్నేపల్లిలో పుట్టి వంగరలో పెరిగిన ఈ జిల్లా మనిషి, 1971లో ముఖ్యమంత్రి అయ్యాక భూగరిష్ఠ పరిమితికి నడుం కట్టారు, భూస్వాముల ఆగ్రహం మూటగట్టుకున్నారు. ఆయనే ప్రధానిగా, పరిశ్రమల శాఖ తన దగ్గరే పెట్టుకుని, 1991 జులై 24న 18 పరిశ్రమలు మినహా మిగతావాటికి లైసెన్సులు ఎత్తేశారు. రాజాజీ ముప్పై ఏళ్ల కిందట అడిగింది కాంగ్రెస్ ప్రధాని చేశారు. 1995 ఆగస్టు 15న బడిపిల్లలకు మధ్యాహ్న భోజన పథకం జాతీయ స్థాయిలో మొదలైంది కూడా ఆయన హయాంలోనే. ఆయన మనసు మారిందని కొందరంటారు. నేనలా అనుకోను. 1972లో మన ఊళ్లలో మనిషి మెడ మీద ఉన్నది భూస్వామి చెయ్యి, 1991లో పరిశ్రమ మెడ మీద ఉన్నది గుమాస్తా చెయ్యి. తీయాల్సిన చెయ్యి తీశారు.

సరళీకరణ, నయా ఉదారవాదం, సంప్రదాయ ఉదారవాదం మూడూ ఒకటేనా?

సరళీకరణ ఒక ప్రభుత్వ విధానం. నయా ఉదారవాదం అనేది 1970ల తర్వాత మార్కెట్ వైపు మొగ్గిన ధోరణికి ఎక్కువగా విమర్శకులు వాడే పేరు. సంప్రదాయ ఉదారవాదం రెండు మూడు వందల ఏళ్ల తత్వం. చుట్టరికం ఉంది గానీ ఒకటి కాదు.

ఇంతకీ మీరు ఏ పక్క సార్?

బస్సు, బడి, పంటరుణం, ఆసుపత్రి విషయంలో ఆధునిక పక్షం. పోలీసు, జైలు, సెన్సారు, మైకు పర్మిషన్ విషయంలో పాత పక్షం, అందులో రాజీ పడను. ఇది గోడ మీద పిల్లివాటం అని ఒక విద్యార్థి మొహం మీదే అన్నాడు. అతనికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. వెట్టి చేసిన ముత్తాత, తలుపు చప్పుడుకు భయపడిన నాయనమ్మ ఒకే ఇంట్లో ఉన్న ప్రాంతం మనది. వాళ్లలో ఒకరి బాధనే స్వేచ్ఛ లెక్కలోకి తీసుకుని రెండోవాళ్లది వదిలేయలేను.

గైడు పక్కన పెట్టి ఏం చదవమంటారు?

రాజ్యాంగం తెలుగు ప్రతి తీసుకోండి. మొదట 19, 21 అధికరణాలు చదవండి. ఆ తర్వాత 38, 39. వెంటనే 1978 నాటి 44వ సవరణ దగ్గర ఆగండి. ఆస్తిని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసి 300ఎ కింద మామూలు రాజ్యాంగ హక్కుగా పెట్టింది ఆ సవరణే. ఆదాయాల్లో తేడాలు తగ్గించాలన్న 38(2) చేర్చిందీ అదే. ఎమర్జెన్సీలో కూడా 20, 21 అధికరణాల కింద కోర్టుకు వెళ్లే హక్కును ఆపకూడదని రాసిందీ అదే. ఈ మూడు మార్పుల్లో ఏది ఏ ఉదారవాదానికి చెందుతుందో, ఎందుకో ఒక్కోదానికి నాలుగు వాక్యాలు మీ సొంత మాటల్లో రాయండి. రాసిన కాగితం సోమవారం తీసుకురండి, క్లాసయ్యాక వరండాలో కూర్చుని చూద్దాం.